తరుగు తీసినంక

ఎనుమాముల మార్కెట్ల కాంట కాడ రాసేటోణ్ణి నేను.
బస్తా ఎక్కుతది, ఎర్ర అంకెలు ఊగుతయి,
ఆగినంక రాస్త.
రాసినదాంట్లకెల్లి తరుగు తీస్త,
గోనెసంచికింత, తేమకింత,
ఎందుకో ఎవలూ అడగని దానికింత.
గట్ల పద్నాలుగు నెలలు రాసి
యాభై ఎనిమిది వేలు పోగేసిన,
గేములాడే కంప్యూటర్ కోసం.
నవ్వుకుంటే నవ్వుకోండ్రి. ఇరవై ఆరేండ్లు నాకు.

హన్మకొండ చౌరస్తా కాడ ఇరుకు మెట్లెక్కితే అజ్మత్ దుకాణం.
అద్దం మీద మూడు డబ్బాలు పెట్టిండు.
మొదటిది తొమ్మిది వేల రెండొందలు, ఆరు కోర్లు.
"ఇయ్యాల ఏ గేమైనా ఉరుకుతది భాయ్.
కానీ ఈ సాకెట్ ఖతం.
దీని మీదికి ఇంకో చిప్ రాదు."
మూడోది ముప్పై నాలుగు వేలు.
దాని పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించిండు,
దర్గాల మాట్లాడినట్టు.
నడిమిది పదిహేడున్నర. గదీ ఆరు కోర్లే.
"ఆరుకు ఆరే కదనే, ఎనిమిది వేలు ఎక్కువేంది?"
"దీని బోర్డుకు ఉమ్ర్ ఉన్నది" అన్నడు,
చాయ్ తెప్పిచ్చిండు.

రాత్రి తూకం చిట్టీ వెనక లెక్కేసిన.
తొమ్మిది వేలు, మూడేండ్లు: సాలుకు మూడు వేలు జెర పైన.
పదిహేడున్నర, ఐదేండ్లు: సాలుకు మూడున్నర.
ముప్పై నాలుగు, ఎనిమిదేండ్లు: నాలుగు దాటింది.
చౌకదే గెలిచింది.
పండబోయి మళ్ల లేచిన.
చిప్ పోయిననాడు దానెంబడి బోర్డు పోతది,
బోర్డెంబడి మెమరీ పోతది,
ఆ తరుగు రాయనే లేదు.
రైతు సంచికి తీసే చెయ్యి
నా సంచి కాడ ఎట్ల మరిచిందో.
ఇగ పెద్దది కొందామంటే
బొమ్మ చూపిచ్చే కార్డుకు పైసలుండయి,
మగ్గం కొని నూలు కోసం ఉద్దెరకు తిరిగినట్టు.
అయినా అది ఎనిమిదేండ్లు నడుస్తదని
ఎవలు చెప్పిండ్రు నాకు?
నేనే రాసుకున్న.

స్వరూపక్క జంపఖానా నేస్తున్నది.
కొత్తవాడల మా గల్లీకి ఇంకా మిగిలిన నాలుగు మగ్గాలల్ల ఒకటి.
"పొద్దటిసంది గా కాయితం మీద ఏం ఏడుస్తున్నవ్ రా?"
చెప్పిన. సాకెట్లు, కోర్లు, అన్నీ.
ఇన్నది. పేక దువ్వెనతోటి రెండు దెబ్బలేసింది.
"గండ్ల పడుగేది?"
"బోర్డు."
"పేక?"
"చిప్."
"మరింకేంది. పేక తెగితే అతుకుతం.
పడుగు పాడైతే మగ్గం దించుడే."
గింతేనా అనిపిచ్చింది.
గంతే అయ్యేటట్టు కూడ ఉండె.
కానీ అక్క ఊకోలేదు.
"గవన్ని ఎన్నేండ్లు ఉంటయో చూసినవ్.
నువ్వెన్నేండ్లు ఆడ్తవ్ రా గేములు?"

చిట్టీ మీద ఆ అంకె లేదు.

నడిమిదే తెచ్చిన.
మెమరీ పుల్ల ఒక్కటే, కార్డు ఎవలో వాడిడిసింది.
రాత్రి పదకొండింటికి హసన్‌పర్తి నుంచి ఖాజా పిలుస్తడు,
"ఎడమ దిక్కు, ఎడమ దిక్కు చూడు" అని ఒర్లుతడు.
మే నెల. చిప్ ఎనభై ఒకటి మీద కాగుతది,
నేనెంత మీదనో ఎవలూ చూపియ్యరు.
ఫ్రేములు పడిపోతయి, లేస్తయి,
ముల్లు కుదురుకోని కాంట లెక్క.

ఐతారం డబ్బా ఇప్పి జాలి దులిపితే
ఎర్రగ రాలింది.
నా అంగీల ఉన్న మిర్చి దుమ్మంత
ఫ్యాను గుంజుకున్నది.
నేను తుమ్మిన, అక్క తుమ్మింది.
తుమ్ముకుంటనే లోపలికి తొంగి చూసి
"గీడ మూడు సందులు ఖాళీ ఉన్నయేందిరా" అన్నది.

"వచ్చే సీజన్‌వి" అన్న.